బావగారి ఆటవెలదికి టీకా

మూలం

సన్నధార విడువు చలిరాత్రి పంపులన్
సింకు కింది తలుపు చేరి తెరువు
గేటువాల్వు జాడ కీడెంచి కనిపెట్టు
బావ! మంచు మీద పంతమేల

అవతారిక

కర్త మా వియ్యంకులు, బందరు కాపురస్థులు. 2021 ఫిబ్రవరిలో డాలస్ పక్కన ఫ్రిస్కోలో కొడుకింట చిక్కుపడ్డారు. ఆ 16వ తేదీన డాలస్‌లో చలి సున్నాకు దిగువన 19 డిగ్రీలు. ఆ వారంలో టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. గొట్టాలు పగిలిన ఇళ్లకు లెక్కే లేదు. ఆ అనుభవసారమే ఈ పద్యం. 2024 భోగినాడు, అదే ఇంట్లో చలికి ముడుచుకు కూర్చున్న నాకు వాట్సాప్‌లో పంపారు. నేను గుడివాడలో తెలుగు పండితుడిగా రిటైరైనవాణ్ని. పద్యం కనబడితే ముందు యతి చూస్తాను, అర్థం తర్వాత. జరిగిన నష్టానికి అదే కారణం.

ప్రతిపదార్థం

బావ = ఓ బావా (వియ్యంకుణ్ణి పిలుచుట); చలిరాత్రి = గడ్డకట్టు చలిగల రాత్రియందు; పంపులన్ = కుళాయిలయందు; సన్నధార = పెన్సిలు ములికి కన్నా సన్నని ధారను; విడువు = వదులుము; సింకు కింది తలుపు = వంటింటి తొట్టి కింద అలమర తలుపును; చేరి = (అర్థం లేదు, యతి కోసం వచ్చింది); తెరువు = తీసిపెట్టుము; కీడెంచి = చెడు జరుగునని ముందే ఊహించి; గేటువాల్వు జాడ = ఇంటికి వచ్చే నీటిని కట్టేసే మీట ఉన్న చోటు; కనిపెట్టు = తెలిసికొనుము; మంచు మీద = గడ్డకట్టిన నీటిపై; పంతము ఏల = మొండితనమెందుకు?

తాత్పర్యం

పంపు కారనివ్వు, తలుపు తీసిపెట్టు, వాల్వు చూసుకో, నాతో వాదించకు.

విశేషాలు

మూలంలో లేనిది రాయనన్నాడు మల్లినాథసూరి. ఆయన ఇంటి అటక మీద నీళ్ల గొట్టాలు లేవు గనక ఆ ఒట్టు చెల్లింది.

'పంపులన్' అనేది ఇక్కడ సప్తమి. భోగిరాత్రి నేను ద్వితీయ అనుకున్నాను. ద్వితీయ అయితే పంపులను విడువుము, అంటే వాటిని తెరవడానికి పోకుము అని అర్థం. పోలేదు. పోకపోగా, పడుకోబోయే ముందు ఇంట్లో పంపులన్నీ చుక్క కారకుండా బిగించి వచ్చాను.

దీనికి పూర్వవాసన ఒకటుంది. నేను పుట్టింది దివిసీమలో, కాలవ చివరి ఊళ్లో. బావి తవ్వితే ఉప్పునీళ్లు. కాలవలు కట్టేలోగా మంచినీళ్ల చెరువు నింపుకుంటే వేసవి గడిచేది, లేకపోతే కావిళ్లే. 1977 నవంబరు 19 ఉప్పెనకు చెరువుల్లోనూ సముద్రమే చేరింది. బిందె తొణికిందని మా అమ్మ మొట్టిన మొట్టికాయ ఇప్పటికీ గుర్తు. అలాంటివాడికి రాత్రంతా పంపు వదిలేయమని చెప్పడం ఏకాదశినాడు పులిహోర తినమనడం లాంటిది. బావగారు బందరువారై ఉండీ ఈ మాట రాశారంటే మంచు ఎంత భయపెట్టి ఉండాలో!

ఇక ధార ఎందుకు? నీరు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకే గొట్టం పగులుతుందనుకున్నాను. కాదట. మధ్యలో మంచు బిరడా పడుతుంది. ఆ బిరడాకూ బిగించిన పంపుకూ నడుమ కొన్ని నీళ్లు ఇరుక్కుంటాయి. మంచు పెరిగేకొద్దీ వాటి మీద ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుతుంది. పంపు కాస్త వదులుగా ఉంటే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. అంటే నేను ఒక్కో పంపూ బిగిస్తూ చక్కగా గొట్టాన్ని పగలగొట్టుకుంటూ వచ్చానన్నమాట.

చీలినప్పుడు తెలియదు. బిరడా అడ్డం ఉంటుందిగా! రెండు రోజుల తర్వాత ఎండ కాసింది. బట్టలుతికే గది కప్పులోంచి వాన మొదలైంది. ఈ ఊరి ఇళ్లు ఎండను తలచుకుని కట్టినవి, గొట్టాలు అటక మీద పరుగెడతాయి. మన గుడివాడలో మేడ మీద ట్యాంకు, బయటి గోడ వెంట పైపు, మధ్యాహ్నం మూడింటికి పంపు తిప్పితే కాఫీ కలుపుకోవచ్చు. ఏ ఊరి మేస్త్రీ అయినా ఆ ఊరి భయాన్నే చూసుకుని కడతాడు.

మూడో పాదం విలువ అప్పుడు తెలిసింది. మీట ఇంట్లో లేదు. వీధి పక్క గడ్డిలో, ఇనపమూత కింద గుంతలో ఉంది. అల్లుడు టార్చితో వెతుకుతుంటే నేను వెనక నిలబడి 'కీడెంచి' ఎంత చక్కని ప్రయోగమో చెప్పబోయాను. అమ్మాయి చూపుతో ఆగాను.

'మంచు': ఈ మాటతో దివిసీమవాడు మోసపోతాడు. మాకు మంచంటే వరికోతల తర్వాత మినుముకు పట్టే తేమ. మంచు బాగా కురిస్తే మినుము బాగుందంటాం. 18 డిగ్రీలకే మఫ్లరు చుడతాం. గొట్టం చీల్చే మంచుకూ చేను తడిపే మంచుకూ తెలుగు ఒకటే మాట పెట్టింది, తప్పెవరిది?

దోషం: తోట పంపుకు తగిలించిన రబ్బరు గొట్టం ఊడదీసి, పంపుకు మందపు తొడుగు వేయాలన్న ముఖ్యవిషయం పద్యంలో లేదు. నిష్ప్రయోజనమైన 'చేరి'కి చోటిచ్చి దీన్ని వదిలేయడం న్యూనపదదోషమని ఫోన్‌లో చెప్పాను. "సీసం రాయమంటారా బావగారూ?" అన్నారు.

గుడివాడ సంప్రదాయం: తర్వాతి చలిరాత్రి ప్రతి సన్నధార కిందా ఒక బకెట్టు పెట్టాను. తెల్లారేసరికి ఇంట్లో అడుగు పెట్టే చోటు లేదు. ధారా ఆగలేదు, చుక్కా పోలేదు. శాస్త్రానికీ మా అమ్మకూ సమన్వయం కుదిరింది.

పాఠాంతరం: అమ్మాయి ఫ్రిజ్ మీద అతికించిన ప్రతిలో నాలుగో పాదం 'నాన్న! మంచు మీద పంతమేల' అని ఉంది. యతి చెడింది. దిద్దుతానంటే కలం దాచేసింది.