ఐదు గుర్రాలు, ఒక నట్టు

మా ఇంట్లో నలుగురం. నా కార్లో సీట్లు రెండు. ఈ లెక్క మా ఆవిడకి ఇప్పటికీ తేలలేదు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో, ఇంటికో పెద్ద ఎస్‌యూవీ ఉన్న వీధిలో, 2004 నాటి మాజ్దా మియాటా కొనుక్కోవడమంటే పెళ్ళిభోజనానికి వెళ్ళి కిళ్ళీ ఒక్కటే వేసుకుని వచ్చినట్టు. కొన్నవాణ్ణి కొన్నట్టు ఉండొచ్చు కదా! దానికి ఎగ్జాస్ట్ హెడర్ వెయ్యాలనిపించింది. అదీ నా చేతులతో.

హెడరంటే ఏమిటో తెనాలిలో ఉన్న మా నాన్నకి వీడియో కాల్లో చెప్పాను. ఇంజన్లో నాలుగు సిలిండర్లు. ఒకటి, మూడు, నాలుగు, రెండు, ఆ వరసలో మండుతాయి. కాలిన పొగ ముందుగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అనే లోహపు ముద్దలోకి వస్తుంది. భోజనాల హాల్లో నాలుగు బంతులవాళ్ళూ ఒక్కసారే లేచి, చేతులు కడుక్కోడానికి ఒకే గుమ్మంలో తోసుకున్నట్టు ఉంటుంది అక్కడ. హెడర్ వేస్తే ఒక్కో సిలిండర్‌కీ పొడుగాటి గొట్టం ఒకటి విడిగా ఉంటుంది. ముందు పోయిన పొగ తన వెనక కాస్త ఖాళీ వదిలిపోతుంది. ఆ ఖాళీ తర్వాతి పొగని లాక్కుంటుంది. ఇంజన్‌కి ఆయాసం తగ్గుతుంది.

"అంటే సైలెన్సర్ మారుస్తున్నావు," అన్నారు నాన్న.

"సైలెన్సర్ వెనకుంటుంది నాన్నా. ఇది ఇంజన్ దగ్గరది."

"శబ్దం తగ్గుతుందా మరి?"

"పెరుగుతుంది."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "విశాఖ బీచ్ రోడ్డులో అలాంటివాటినే పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించారురా," అన్నారు.

ఇంతకీ ఎన్ని గుర్రాలు పెరుగుతాయి? హెడర్ ఒక్కటే వేస్తే ఈ ఇంజన్‌కి ఐదో ఆరో వస్తే గొప్ప. ఈ గుర్రాల విషయంలో మియాటాకో పాత కథ ఉంది. 2001 మోడల్‌కి 155 హార్స్‌పవర్ అని ప్రకటించిన మాజ్దా, తర్వాత లెక్క సరిచూసుకుని 142 అని ఒప్పుకుంది. కావాలంటే కారు వెనక్కి తీసుకుంటామని కూడా అంది. కంపెనీ నోరు విప్పేదాకా ఆ 13 గుర్రాలు లేవన్న సంగతి స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళలో ఎంతమందికి తెలిసుంటుంది? పదమూడు పోతేనే తెలియనిచోట ఐదు వస్తే నాకెలా తెలుస్తుందో నేను ఆలోచించలేదు. ఆలోచించేవాడైతే రెండు సీట్ల కారే కొనడు.

షాపులో అడిగితే పార్టు ధర కన్నా కూలి ఎక్కువ చెప్పాడు. దాంతో నాలోని తెనాలివాడు లేచాడు. మనమే వేసుకుందామని హెడర్ తెప్పించాను.

అడ్డంకులు అప్పుడు కనపడ్డాయి. 2025 నుంచి టెక్సస్‌లో సొంత కార్లకి సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు కానీ, 17 కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. మా కౌంటీ అందులో ఉంది, 24 ఏళ్ళు దాటని నా కారూ అందులో ఉంది. హెడర్ బిగించేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ వైరు నలిగి చెక్ ఇంజన్ లైటు వెలిగిందంటే పరీక్ష పోయినట్టే. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి పోతే ఫెడరల్ చట్టమే ఒప్పుకోదు. ఇవన్నీ దాటినా మా కాలనీ అసోసియేషన్ ఒకటుంది. వాకిట్లో కారు రిపేరు కనబడితే ఉత్తరం వస్తుంది. చెత్త డబ్బా ఒక పూట ఆలస్యంగా లోపల పెట్టినందుకే ఫోటోతో సహా పంపిన ఘనులు వాళ్ళు.

నాన్నకి ఆ బాధల్లేవు. మా చిన్నప్పుడు ఆయన బజాజ్ చేతక్‌కి సైలెన్సర్ పూడుకుపోయేది. పెట్రోల్లో కలిపిన ఆయిల్ మసై లోపల అట్టలు కట్టేది. ఆదివారం పూట దాన్ని ఊడదీసి, పెరట్లో పుల్లలు పేర్చి, మంటలో ఎర్రగా కాల్చి, రోకలిబండతో నాలుగు వాయించేవారు. పెచ్చులు పెచ్చులుగా నల్లటి బొగ్గు రాలేది. ఒకసారి ఆ పొగంతా పక్కింటి డాబా మీద ఆరబోసిన గుమ్మడి వడియాల మీదికి పోయింది. ఆ పిన్నిగారు మాతో మళ్ళీ మాట్లాడింది మా అక్క పెళ్ళిలో. స్కూటర్ మాత్రం ఆ సాయంత్రం కొత్తదానిలా పరిగెత్తింది. నా హెడర్ మోజుకి విత్తనం ఎక్కడ పడిందో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

చివరికి ఒక రాజీకొచ్చాను. ముందు పాత మానిఫోల్డ్ నట్టు ఒక్కటి ఊడదీసి చూద్దాం. అది తేలిగ్గా వస్తే వేద్దాం, మొరాయిస్తే హెడర్ తిప్పి పంపేద్దాం.

తుప్పు వదిలించే ఆయిల్ మూడు రాత్రులు కొట్టాను. నాలుగో రోజు గరాజ్ షట్టర్ దించి, హీట్ షీల్డ్ తీసి, టార్చ్ మా అబ్బాయి చేతికిచ్చాను. మాడిన కాకరకాయ ముక్కలా ఉంది నట్టు. పానా తగిలించి బలంగా లాగితే కీచుమంది. తిరిగింది. తిరుగుతూనే ఉంది. చేతిలోకొచ్చాక చూస్తే నట్టుతో పాటు, ఇంజన్‌లో బిగించి ఉండాల్సిన వేలెడు స్టడ్డు కూడా ఊడి వచ్చింది.

"నాన్నా, ఇంజన్ ముక్క వచ్చేసింది," అన్నాడు వాడు.

తెనాలికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుజాము.

"విరిగిందా, ఊడిందా?"

"ఊడింది."

"అదృష్టవంతుడివి. విరిగుంటే డ్రిల్లు పెట్టి తియ్యాల్సొచ్చేది. మరలు బాగున్నాయా? నోరు మూసుకుని ఎక్కడిదక్కడ బిగించి పడుకో."

బిగించాను. హెడర్ పెట్టెలోంచి బయటికి రాలేదు. తిప్పి పంపే గడువు దాటిపోయింది. ఇప్పుడా పెట్టె మీద సోనా మసూరి బియ్యం బస్తా ఉంది.

మర్నాడు పొద్దున కారు స్టార్ట్ చేస్తే ముందువైపు నుంచి టకటకమని కొత్త చప్పుడు. నేను బిగించినచోట సందులోంచి పొగ తన్నుకొస్తోంది. ఇంజన్ వేడెక్కేదాకా ఆగలేదు. మా ఆవిడ కాఫీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి, ఓ నిమిషం విని, "ఏవండీ, వేసేశారా?" అంది.

"ఆఁ, కొద్దిగా," అన్నాను.