పుస్తకాలు ఎంచుకునేవాళ్లకు ఉల్టా సలహాలు

మంచి పుస్తకం ఒకటి చెప్పమని మోత్కూరులో డిగ్రీ చదివే పిల్ల అడిగినా, కొట్టు కట్టేశాక కాసేపు చదువుకుందామనుకునే పెద్దాయన అడిగినా జవాబులు ఒక్క తీరుగానే వస్తాయి. ఎక్కువ అమ్ముడుపోయింది కొను. పెద్దవాళ్లు ముందుమాట రాసింది చూడు. పరీక్షకు పనికొచ్చేది చదువు. తెలియని సంగతి తెలుసుకో. నేను చెప్పబోయేవి వీటికి పూర్తిగా అడ్డం. వినగానే తప్పుడు సలహాల్లాగే ఉంటాయి. అయినా ఒక్కొక్కటీ ఆలోచించి, మన పిల్లలకు పనికొస్తుందని నమ్మి చెప్తున్నవే.

అన్నింటికంటే ముందు, తెలియని విషయం మీద పుస్తకం కొనకండి. మీకు బాగా తెలిసిన దాని మీద కొనండి. తెలియని సంగతి గురించి ఎవరేం రాసినా తలూపడమే తప్ప మనకు దారి లేదు. తెలిసిన సంగతైతే రెండు పేజీల్లో రచయిత సత్తా తేలిపోతుంది. పత్తి చేను గురించి రాసినాయన చేన్లోకి దిగాడా, బస్సు కిటికీలోంచి చూసి రాశాడా అన్నది విమర్శకుల కంటే ముందు పత్తి ఏరిన మనిషికి తెలుస్తుంది. గీత కార్మికుడి కొడుకు తాటిచెట్టు ఎక్కే సన్నివేశం చదివితే మోకు ఎట్లా వేశాడో, నడుముకు ముత్తాదు ఉందో లేదో చూస్తాడు. ఆ చోట నిజం రాసిన రచయితను మనకు తెలియని చోట కూడా కొంత నమ్మొచ్చు. ఆ చోట తప్పినవాడు ఆఫ్రికా గురించి రాసినా అనుమానంగానే చదవాలి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పని ఇంకా తేలిక. గ్రంథాలయం నుంచి తెచ్చిన నవలలో మోట కొట్టే పేజీ ఒకటి ఉందనుకోండి. దాన్ని పైకి చదివి, “అవ్వా, గిది నిజమేనా?” అని అడగండి. “ఎడ్లు బాట మీంచి కిందికి దిగితేనే గదా బిడ్డా బొక్కెన పైకొచ్చేది, గాయన ఉల్టా రాసిండు” అంటే ఆ నవల సంగతి అక్కడికి తేలినట్టే. అవ్వ కూర్చుని ఇంకో పేజీ చదవమంటే మాత్రం ఆ పుస్తకాన్ని వదలకండి. చదువు రాని మనిషి పుస్తకాన్ని తూచలేదనుకోవడం మనం చదువుకున్నవాళ్లం పెంచుకున్న అహంకారం. వ్యవసాయం, వంట, చేతిపని, పెళ్లి, చావు, అప్పు, కోర్టు – నవలలో సగం బతుకు వీటి చుట్టే తిరుగుతుంది. వీటిలో మన పల్లెటూరి పాఠకుడు ఎవరికీ తీసిపోడు.

ఈ పరీక్షకు నిలబడే పుస్తకం ఒకటి చెప్పమంటే సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చెప్తాను. సురవరం పాలమూరు సీమ మనిషి. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. 1955లో తెలుగుకు వచ్చిన మొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి ఈ పుస్తకానిదే. అప్పటికి ఆయన పోయి రెండేళ్లయింది. బహుమతి వచ్చిందని మాత్రం కొనకండి. రాజుల వరసను పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆటలు ఆడారు, దేనికి భయపడ్డారు అని అడిగిన పుస్తకం అది. పాల్కురికి సోమనాథుడు మొదలుకొని ఎందరో కవుల కావ్యాల్లోంచి ఒక్కో వివరం ఏరి పెట్టారు. మన పక్కనున్న పాలకుర్తి సోమనాథుడి ఊరని చెప్తారు కాబట్టి ఆ పేజీలు మనకు మరీ దగ్గర. తిండి గురించిన పేజీ తెరిచి మీ ఇంటి వంటతో పోల్చి చూడండి. ఆటల పేజీ తెరిచి మీ తాత ఆడిన ఆట ఉందేమో వెతకండి. తనకు అంతుపట్టని మాట వచ్చినచోట తెలియదనే రాయడం నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే నచ్చిన గుణం.

ఇక నా దృష్టిలో అసలు సలహా. ఒక విషయం మీద అన్నిటికంటే మంచి పుస్తకం ఏదని వెతకొద్దు. ఒకదానితో ఒకటి పొసగని రెండు పుస్తకాలు తెచ్చుకోండి. డబ్బు ఒక్కదానికే ఉంటే ఇద్దరు స్నేహితులు చెరొకటి కొనండి.

మన చరిత్రలోనే చూడండి. తెలంగాణ సాయుధ పోరాటం గురించి ఈ ప్రాంతంలో పుట్టిన ప్రతివాడికీ ఎంతోకొంత తెలుసనే అనుకుంటాం. దాని మీద రావి నారాయణరెడ్డి తన జ్ఞాపకాలు రాశారు. ఆయనది భువనగిరి పక్క బొల్లేపల్లి. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్రమహాసభకు అధ్యక్షుడు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచినప్పుడు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మనిషి. పుచ్చలపల్లి సుందరయ్య కూడా అదే పోరాటం మీద పెద్ద పుస్తకం రాశారు. అప్పట్లో ఇద్దరిదీ ఒకే పార్టీ, ఒకే ఉద్యమం. కానీ 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాక తుపాకులు దించాలా, వద్దా అన్న దగ్గర ఇద్దరి దారులూ వేరు. నిజాం పోయాక సాయుధ పోరాటం ఆపాల్సింది అన్నది రావి నారాయణరెడ్డి వైపు మాట. రైతు చేతికొచ్చిన భూమిని కాపాడుకోవడానికి కొనసాగించక తప్పలేదన్నది సుందరయ్య వైపు మాట. పోరాట విరమణ ప్రకటన వచ్చేసరికి 1951 అక్టోబరు. నడుమ ఉన్న ఆ మూడేళ్ల గురించి ఒక్క పుస్తకమే చదివినవాడికి ఒక తీర్పు దొరుకుతుంది. రెండూ చదివినవాడు తీర్పు తానే చెప్పుకోవాల్సి వస్తుంది. చదువు మొదలయ్యేది అక్కడే.

ఆ రెండూ అయ్యాక, ఇద్దరూ అంతగా పట్టించుకోని ప్రశ్నలు అడిగిన మూడో పుస్తకం తీయండి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించిన పుస్తకం. చిట్యాల ఐలమ్మ ఉంది, మల్లు స్వరాజ్యం ఉంది, పేరు ఎక్కడా వినని వాళ్లూ ఉన్నారు. దళంలో అన్నం ఎవరు వండారు, పసిబిడ్డను ఎక్కడ వదిలారు, పోరాటం ఆగాక ఇంటికి పొమ్మంటే ఏ ఇంటికి పోవాలి – నాయకుల పుస్తకాల్లో ఈ సంగతులకు అంతగా చోటు దొరకలేదు. స్వరాజ్యం తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే. ఇప్పుడు మన మోత్కూరు ఉన్నదీ ఆ నియోజకవర్గంలోనే. ఆమె ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. మన ఆడపిల్లలు ఇంటర్ అయిపోయేలోపు చదవాల్సిన పుస్తకం అది. ఈ మాట మొహమాటం లేకుండా చెప్తున్నాను.

గ్రూప్స్‌కు తయారయ్యేవాళ్లు నా మీద కోప్పడొచ్చు. “అన్నా, మాకు టైం యాడిది? సిలబస్ ఉన్నంతే సదువుతం” అనే తమ్ముళ్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. హాస్టల్ ఖర్చు, వయోపరిమితి, వాయిదాపడే పరీక్షలు – ఇవన్నీ నెత్తిమీద పెట్టుకుని చదువుతున్నారు. అయినా చెప్తాను, గైడుతో మొదలుపెట్టకండి. గ్రూప్-1 మెయిన్స్‌లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీద ప్రత్యేకంగా ఒక పేపరే ఉంది, అదీ వ్యాసరూపంలో. చర్చించండి, విశ్లేషించండి అని అడుగుతారు. గైడు చదివిన వేలమంది ఒకే పేరా రాస్తారు. ఒకరినొకరు కాదన్న ఇద్దరిని చదివిన పిల్లవాడి దగ్గర తన మాట అంటూ ఒకటి ఉంటుంది. తేదీలు, పేర్లు సరిచూసుకోవడానికి చివర్లో గైడు తీయండి. దాని పని అదే, ఆ పని అది బాగానే చేస్తుంది.

కొట్లో నిలబడ్డప్పుడు అట్ట తిప్పగానే వచ్చే పేజీ చూడండి. మొదటి ముద్రణ ఏ ఏడాది, ఎన్ని ప్రతులు, ఎవరు వేశారు అన్నీ అక్కడే ఉంటాయి. పదో ముద్రణ, ఇరవయ్యో ముద్రణ అని ఉంటే దాన్ని తిరిగి అరలో పెట్టేయండి. వచ్చే ఏడాది కూడా అది దొరుకుతుంది. ప్రతులు 500 అని ఉన్నదాన్ని ముందు తీసుకోండి. తెలుగులో అయిదువందల ప్రతుల పుస్తకం ఒకసారి అయిపోయిందంటే మళ్లీ అచ్చు పడుతుందన్న భరోసా లేదు. కవి తన పైసలతో వేసుకున్న సంపుటి, ఊరి చరిత్ర రాసిన రిటైర్డు పంతులు పుస్తకం, జిల్లా కథకుల సంకలనం ఈ లెక్కలోకే వస్తాయి. వాటిలో బాగాలేనివీ చాలా ఉంటాయి, ఆ మాట దాచను. అందుకే మోట పరీక్ష ముందే చెప్పాను.

తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే సురవరం ఊళ్లు ఊళ్లు కదిలించి, 354 మంది కవుల రచనలతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. ఆ ఒక్క పుస్తకం అచ్చు కాకపోయి ఉంటే అందులో ఎంతమంది పేర్లు ఈ రోజు మనకు మిగిలేవో ఊహించండి. పాఠకుడు కొని ఇంట్లో దాచుకున్న ప్రతి కూడా అట్లాంటి పనే చేస్తుంది.

లావుపాటి పుస్తకం చూసి మోసపోవద్దు. ఇచ్చిన డబ్బుకు పేజీలు ఎక్కువొచ్చాయని సంబరపడి కొన్నవే అటక ఎక్కుతాయి. చదవడం అలవాటు తప్పినవాళ్లు వంద పేజీలు దాటనిదే తీసుకోవాలి. ఈ కిటుకును మన ఉమ్మడి జిల్లా మనిషే ఎనభై ఏళ్లకు పైగా కిందట పట్టుకున్నాడు. నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ఇళ్లల్లో వంటపని చేసి, హోటల్లో పనిచేసి చదువుకున్నవాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. చిన్న చిన్న పుస్తకాలు, తక్కువ ధర. ముప్పైకి పైగా తెచ్చాడు. తెచ్చి కొట్లో కూర్చోలేదు, మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. నిజాం జైలుకు పోయాడు. దాశరథి తన ‘అగ్నిధార’ అంకితమిచ్చింది ఈయనకే. ఆయన నవల ‘ప్రజల మనిషి’ ఇప్పటికీ దొరుకుతుంది. నైజాం నాటి పల్లె ఎట్లుండేదో తెలుసుకోవాలంటే అక్కడినుంచి మొదలుపెట్టండి.

సంక్షిప్త అనువాదం చదవొద్దని పండితులంటారు. చదవండి. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి బాగా కుదించి ‘ఏడు తరాలు’గా తెచ్చారు. ఆ కుదింపు వల్లే అది తెలుగు పల్లెల్లోకి పోయింది. నచ్చితే ఎప్పుడో ఒకనాడు అసలు పుస్తకం పట్టుకుంటారు. ముందుమాటలైతే ఆఖరున చదవండి. మన పుస్తకాల్లో ఒకటి కాదు, మూడు నాలుగు ఉంటాయి, అన్నీ మెచ్చుకోళ్లే. పిల్లల కోసం కొనాలనుకుంటే ముందు మీ కోసం కొనుక్కోండి. ‘రైలుబడి’, గిజుభాయి ‘పగటికల’ పిల్లల గురించిన పుస్తకాలే గానీ, అవి ముందు అమ్మానాన్నల చేతిలో, పంతుళ్ల చేతిలో ఉండాలి.

ఏడాది పట్టింపు ఒక్కచోట మాత్రం గట్టిగా ఉండాలి. కథకు, జ్ఞాపకాలకు పాతబడటం అంటూ లేదు. వైద్యం, చట్టం, పురుగుమందులు అట్లా కాదు. ‘వైద్యుడు లేని చోట’ ఇంట్లో ఉండాల్సిన పుస్తకమే, కానీ ఫుట్‌పాత్ మీద దొరికిన పాత ప్రతిని చూసి మందు వేసుకోవద్దు. భూమి హక్కుల మీద పుస్తకమైతే 2025లో భూభారతి చట్టం వచ్చాక రాసిందో కాదో చూసుకోవాలి. ధరణి కాలంలో రాసింది పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు పోతే తిరుగుడే మిగులుతుంది.

చివరగా ఒకటి. గ్రంథాలయానికి మీ పాత పుస్తకాలు దానం చేయొద్దు. ఇంట్లో ఎవరికీ అక్కర్లేనివే అక్కడికి చేరతాయి. దానికి బదులు అడగండి. గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. మున్సిపాలిటీ అయినా పంచాయతీ అయినా దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అంటే అక్కడి పుస్తకాలు మన పైసలతో కొన్నవే. ఈ వ్యాసంలో చెప్పిన పుస్తకాల్లోంచి మీకు కావలసిన అయిదు ఎంచుకుని పేరు, రచయిత, ప్రచురణకర్త, ధర ఒక తెల్లకాగితం మీద రాయండి. పదిమంది సంతకాలు పెట్టించండి, అందులో సగం విద్యార్థులవి ఉండేటట్టు చూడండి. ఒక ప్రతి గ్రంథపాలకుడికి, ఇంకో ప్రతి భువనగిరిలో జిల్లా సంస్థకు ఇచ్చి, ముట్టినట్టు మీ ప్రతి మీద ముద్ర వేయించుకోండి. నెల రోజులు చూసి, రాకపోతే మళ్లీ అదే కాగితంతో వెళ్లండి.