ఇరవై నాలుగో ర్యాంకు సుఖం

2021 మార్చిలో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ మన నగరాలకు మార్కులు వేసింది. ఎంత సుఖంగా బతుకుతున్నామన్నది సబ్జెక్టు. 111 ఊళ్లు పరీక్ష రాశాయి. పది లక్షల జనాభా దాటిన నగరాల్లో విశాఖకు 15, హైదరాబాద్‌కు 24, విజయవాడకు 41. ఫస్టు ర్యాంకు బెంగళూరుది. 2018లో ఇదే పరీక్షలో బెంగళూరు స్థానం 58. ఇంత కొద్ది కాలంలో అంత సుఖం ఎటునుంచి వచ్చి మీద పడిందో అక్కడి సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లకు ఇప్పటికీ అంతుచిక్కలేదు. మార్కులు వేసే పద్ధతి మధ్యలో మార్చారట. సరే, సిలబస్ మారితే ర్యాంకులూ మారతాయి.

నీళ్లు, మురుగు, ఇళ్లు, బస్సులు, బడి, ఆస్పత్రి, పార్కు... మొత్తం 13 పద్దులు, 49 సూచికలు. పక్కింటివాళ్లు అనే పద్దు మాత్రం లేదు.

జనాన్నీ అడిగారు, కాదనను. 32 లక్షల మంది అభిప్రాయం చెప్పారు. దానికి 30 శాతం వెయిటేజీ. ఆ సర్వే 2020 మార్చి 20న ముగిసింది. సరిగ్గా రెండు రోజులకు, ఆదివారం సాయంత్రం అయిదింటికి, జనతా కర్ఫ్యూ చప్పట్ల కోసం దేశమంతా బాల్కనీల్లోకి వచ్చింది. ఎదురు బ్లాకులో బనీను మీద నిలబడి కుక్కర్ మూత వాయిస్తున్న పెద్దమనిషి, కారు నంబరుగా తప్ప మనకు తెలియని మనిషే. ఆయన మనల్ని చూసి నవ్వాడు. మనమూ గరిటె ఊపాం. పక్కబాల్కనీ ఆవిడ అయితే 'మీకు పాలు దొరుకుతున్నాయా?' అని కూడా అడిగింది. కొలవాల్సిన రోజు అదీ! అప్పటికే సర్వేవాళ్లు సంచులు సర్దేశారు.

ప్రపంచ ఆనంద నివేదిక వాళ్లు కాస్త నయం. కష్టమొస్తే ఆదుకునే బంధువో స్నేహితుడో ఉన్నాడా అని సూటిగా అడుగుతారు. 2024లో 143 దేశాల్లో మనది 126వ స్థానం. బ్రిటన్ 2018లోనే ఒంటరితనానికో మంత్రిని పెట్టుకుంది. మన దగ్గర పెడితే మంత్రిగారి వెనక ముప్పై కార్లుంటాయి కాబట్టి, కనీసం ఒక్కరి ఒంటరితనమైనా తీరుతుంది.

నన్నడిగితే వేరే కొలతలున్నాయి. 'ఇటే వెళ్తున్నా, ఓసారి కనబడి పోదామని' అంటూ చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టం, గేటు దగ్గర ఓటీపీ, ఫొటో, ఇంటర్‌కమ్ దాటుకుని పైకి రావడానికి ఎంతసేపు పడుతుంది? ముందుగా ఫోన్ చేయకుండా బెల్ మోగితే టీవీ నోరు నొక్కి, తలుపు కన్నంలోంచి చూసే ఇళ్లెన్ని? ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది? తోడు పెరుగు పక్కింటి గిన్నెలో వస్తుందా, పది నిమిషాల్లో డెలివరీ కుర్రాడి సంచిలోనా? ఇంకొకటుంది, ఇది నవ్వులాటకు కాదు. బ్లాకులో ఎవరైనా పోతే వాట్సాప్ గ్రూపు నిండా దణ్ణాల బొమ్మలు పడతాయి. వేలు జరుపుతూ పోతే ఒక పట్టాన తరగవు. కింద పాడె పట్టేది వాచ్‌మన్, ఇద్దరు డ్రైవర్లు.

ఈ ప్రశ్నలన్నీ కాయితం మీద పెట్టి మా అసోసియేషన్‌కు ఇచ్చాను. సెక్రటరీగారికి తెగ నచ్చాయి. అయితే బయటి మనుషుల్ని ఫ్లాట్లలోకి పంపడం భద్రతా నియమాలకు విరుద్ధమట. 'ఫారాలు నాకివ్వండి, అందరి తరఫునా నేనే నింపేస్తా' అన్నారు. అన్నమాట ప్రకారం కూర్చున్నారు కూడా. ఇరుగుపొరుగుతో సంబంధాలు: అద్భుతం. కష్టసుఖాల్లో తోడు: అద్భుతం. పక్క ఫ్లాటువారి పేరు అనే గడి దగ్గర పెన్ను ఆగింది. కాసేపు ఆలోచించి, సొరుగులోంచి మెయింటెనెన్స్ బకాయిల జాబితా తీశారు.