బల్ల మీద మయసభ

ఈ వీడియో ఎప్పుడో ఒకప్పుడు మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బాను బల్ల మీద నిలబెడతారు. అది ఎర్రటి లేజరు వెలుగుతో కీబోర్డు బొమ్మ వేస్తుంది. సూటు వేసుకున్న ఒకాయన ఆ బొమ్మ మీద వేళ్లు ఆడిస్తూ చిరునవ్వులు చిందిస్తుంటాడు. భవిష్యత్తు వచ్చేసింది, పదిమందికి పంపండి అంటారు. ఆయన టైపు చేసిందేమిటో మాత్రం చూపించరు.

ఆ భవిష్యత్తుకు ఇరవై ఏళ్లు దాటాయి. 2002లోనే అమెరికాలో కెనెస్టా, ఇజ్రాయెల్‌లో వీకేబీ కంపెనీలు దీన్ని చూపించి చప్పట్లు కొట్టించుకున్నాయి. తర్వాత కొరియా కంపెనీ సెల్యూవాన్ 'మ్యాజిక్ క్యూబ్' అని అమ్మింది. ఇన్నేళ్లలో మీ ఆఫీసులోనో, మీసేవలోనో, రైల్లో ఎదుటి సీట్లోనో ఒక్కరైనా దీని మీద పని చేసుకుంటూ కనిపించారా?

తెలివైన యంత్రమే, కాదనను. బల్లకు వెంట్రుకవాసి ఎత్తున కంటికి కనిపించని పరారుణ కాంతిని పొరలా పరుస్తుంది. వేలు తగలగానే ఆ కాంతి వెనక్కి చెదురుతుంది. లోపలి కెమెరా దాన్ని పట్టుకుని ఏ అక్షరమో లెక్క కడుతుంది. ఇంజనీర్లకు దండం పెట్టాల్సిందే. చిక్కల్లా వేళ్లతోనే.

టైపు ఇన్‌స్టిట్యూట్లో లోయరు, హయ్యరు పాసైనవాళ్లను అడగండి. కీల వంక చూస్తే మాస్టారు ఊరుకునేవారు కాదు. చూపు కాగితం మీద, పని వేళ్లది. ఎఫ్, జె కీల మీద ఇప్పటికీ చిన్న గీత ఉబ్బెత్తుగా ఉండేది అందుకే. నున్నటి బల్ల మీద ఆ గీతను ఎక్కడ తడుముకుంటారు? పోనీ చూస్తూనే కొడదామంటే వెలుగు ఎదురుగా నుంచి వస్తుంది. 'క్యూ' మీదకు వేలు పోనివ్వగానే ఆ అక్షరం బల్ల వదిలి మీ గోరెక్కుతుంది. దాని కిందున్న 'ఏ' నీడలో మునుగుతుంది. కాసేపు వేళ్లు ఆనించి ఆలోచిద్దామా? ఆనిన ప్రతి వేలూ ఒక అక్షరమే. అందుకని చేతులు గాల్లో వేలాడేసుకునే ఆలోచించాలి.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఆ చప్పుడు. బల్ల ఎలాగూ లోపలికి దిగదు కాబట్టి, కీ నొక్కామన్న భ్రమ కోసం డబ్బాయే టిక్కుమంటుంది. మయసభలో నీళ్లు లేనిచోట దుర్యోధనుడు పంచె ఎత్తి పట్టుకున్నప్పుడు మయుడు గలగలమని చప్పుడు కూడా పెట్టాల్సింది.

జేబులో పట్టే కీబోర్డు అన్నారు. నిజమే. కాకపోతే చదునైన బల్లను కూడా జేబులో పెట్టుకుని తిరగాలి. అద్దం బల్ల పనికిరాదు. ఎండలో బొమ్మే కనిపించదు. బస్సులో అట్ట ముక్క మీద పరుచుకున్నారే అనుకోండి, గుంట వచ్చినప్పుడల్లా కీబోర్డు పక్కవాడి మోకాలి మీదకు వలసపోతుంది. పైగా దానికో బ్యాటరీ, దాని చార్జింగు గొడవ ఒకటి.

ఇక తెలుగు రాసుకునేవాడి గతి. అక్షరాల బొమ్మ లేజరు ముందుండే సన్నని పలకలో తయారీనాడే ఖరారైపోయి ఉంటుంది. సాఫ్ట్‌వేరు మార్చినా బల్ల మీద అక్షరం మారదు. ఇన్‌స్క్రిప్టు తెలుగు కీబోర్డు అలవాటైనవాడు ఇంగ్లీషు బొమ్మ చూస్తూ గుణింతాలు గుర్తు చేసుకోవాలి. ఒత్తుల సంగతి దేవుడెరుగు.

2002లో దీనికి ఒక సాకైనా ఉండేది. అప్పటి ఫోన్లలో 'ఎస్' రావాలంటే ఏడో నంబరు నాలుగుసార్లు నొక్కాలి. తర్వాత తెర మీదకే కీబోర్డు వచ్చింది. ఇప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు అదీ మానేసి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని కబుర్లన్నీ చెప్పేస్తున్నారు.

ఒక్క మేలు ఒప్పుకోవాలి. కాఫీ ఒలికినా పాడవదు. బల్ల తుడిస్తే కీబోర్డు తుడిచినట్టే.

ఇంత చూశాకైనా మోజు తీరిందా? 2024లో అమెరికా కంపెనీ హ్యూమేన్ చొక్కాకు తగిలించుకునే పిన్నుతో ఏకంగా అరచేతిలోనే తెర వేయించింది. ధర 699 డాలర్లు. ఏడాది తిరక్కుండానే దుకాణం కట్టేసి, చాలామటుకు ఆస్తులను హెచ్‌పీకి అమ్ముకుంది. ఆ హెచ్‌పీ నొక్కితే లోపలికి దిగే కీబోర్డులు అమ్ముకుంటుంది. 2024లోనే ఆపిల్ 3,499 డాలర్ల కళ్లజోడు తెచ్చి కీబోర్డును గాల్లో తేలించింది. ఈసారి బల్ల కూడా అక్కర్లేదట. ఎందుకైనా మంచిదని మామూలు బ్లూటూత్ కీబోర్డు కలుపుకునే వీలు కూడా పెట్టింది లెండి.