గడి నిండితే చాలంట!

మా రోజుల్లో పుట్టిన తేదీ ఎవడిక్కావాలయ్యా? మా తాత వికారి నామ సంవత్సరంలో పుట్టాడనేది నాయనమ్మ. అంటే 1899 కావచ్చు, 1900 కావచ్చు. ఇప్పుడేమో ఫోనులోనే వంశవృక్షాలు! మొన్న మనవడొచ్చి, "తాతయ్యా, మీ తాతగారి డేట్ ఆఫ్ బర్త్ చెప్పు. ఈ గడి నింపకపోతే ముందుకు పోనివ్వట్లేదు" అన్నాడు.

గడి నిండితే మనిషి తెలిసినట్టేనా? మా తాత పడుచుదనంలో పల్నాట పుల్లరి గొడవ. అడవిలో మేసే గొడ్డుకి తలకింతని సర్కారుకి కట్టాలి. 1921లో జనం కట్టేది లేదని మొండికేశారు. ఆ గొడవలో ఉన్నవ లక్ష్మీనారాయణ గారిని జైల్లో పెడితే అక్కడే 'మాలపల్లి' నవల రాశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. వాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, ఉండాలి కూడా. మరి అరకెద్దుల్ని బందెలదొడ్డికి తోలుకుపోతే దుక్కి ఎట్లా దున్నాలా అని తల పట్టుకున్న మా తాతలాంటోళ్ళ సంగతి ఎవరు రాశారు?

రాసేవాళ్ళు లేకపోయినా చెప్పేవాళ్ళుండేవాళ్ళు. కళ్ళాలప్పుడు పిచ్చిగుంట్లవాళ్ళొచ్చి గోత్రంతో మొదలుపెట్టి తాతముత్తాతల్ని ఏకరువు పెట్టేవాళ్ళు. చేటెడు జొన్నలు పోస్తే దీవించి పోయేవాళ్ళు. ముసలమ్మలకైతే కరువులే కాలెండరు. గుంటూరు సీమలో లక్షమందికి పైగా పొట్టన పెట్టుకున్న 1833 నాటి డొక్కల కరువు ముచ్చట మా చిన్నప్పటిదాకా వాళ్ళ నోట బతికే ఉంది.

మా తాత జొన్న సంకటితోనే బతుకంతా వెళ్ళదీశాడు. నాగార్జునసాగర్‌కి 1955లో నెహ్రూ గారు శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టులో గానీ కాలవలకి నీళ్ళు వదల్లేదు. ఆ ఏడే మా తాత పోయాడు. సొంత మాగాణిలో పండిన వరన్నం తినే యోగం లేకపోయింది. ఈ ముక్క ఏ గడిలో రాస్తావురా అంటే మనవడు తల గోక్కున్నాడు.

కాగితమే కావాలంటే కరణాల నాటి పాత అడంగళ్ళు ఎక్కడున్నాయో వాకబు చెయ్యండి. అందులో ఫసలీ సంవత్సరాలుంటాయి, 590 కలుపుకోండి. ఫసలీ 1331 అంటే 1921 జులైలో మొదలైన ఏడు, పుల్లరి గొడవ నాటిది. కరణాల ఉద్యోగాలు 1984లోనే పోయినా ఆ రాతలో ఎవరి చేలో ఏం పండిందో తెలుస్తుంది.

అంతకన్నా ముందు ఇంట్లో ముసలాళ్ళ పక్కన కూర్చోండి. ఏ ఏట వాన ఎగ్గొట్టింది, ఏ ఏట ఎద్దులమ్మారు, ఎవరి దగ్గర అప్పు చేశారు, అడిగి రాసుకోండి. మేం పోయాక ఏ యాపూ చెప్పదు.