ఆరంభశూరులకు వందనం

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కు పథకాలు తెచ్చే రాయపూర్ పెద్దలారా, ఢిల్లీ పెద్దలారా, మిమ్మల్ని పొగడక తప్పదు. ఆరంభశూరులన్న మాటను మనవాళ్లు ఎత్తిపొడుపుగా వాడతారు గానీ, మొదలుపెట్టడానికీ శౌర్యం కావాలి. అది మీకు నిండుగా ఉంది.

1999 సంగతి చూడండి. బస్తర్ సంతల్లో ఉప్పు కొలిచిపోసి చింతపండు పట్టుకుపోయిన దళారుల కథలు అప్పటికింకా పాతబడలేదు. ఆ దళారిని అక్కడ కోచియా అంటారు. కలెక్టర్ ప్రవీర్ కృష్ణ 'ఇమ్లీ ఆందోళన్' (చింతపండు ఉద్యమం) పేరుతో ఒక పని తలపెట్టారు. ఊరివాళ్లే సంఘం కట్టాలి, ఊళ్లోనే తూచి కొనాలి, కష్టానికి తగిన ధర ఇవ్వాలి. మన పులుసులో పడే చింతపండు కొంత జగదల్‌పూర్ మండీ మీదుగా వచ్చిందే. ఆ చెట్టెక్కి కాయ దులిపిన మనిషికి ధర అడిగే హక్కుందని ఒక జిల్లా అధికారి గట్టిగా అనుకోవడం చిన్న విషయం కాదు.

ఆ ఆలోచన ఎంత మంచిదంటే, 19 ఏళ్ల తర్వాత దాన్ని మళ్లీ ప్రారంభించారు. 2018 ఏప్రిల్ 14న, బీజాపూర్‌లో, సాక్షాత్తూ ప్రధానమంత్రి చేతుల మీదుగా, ఈసారి వన్‌ధన్ అన్న పేరుతో. అప్పటికి గిరిజన ఉత్పత్తులను అమ్మిపెట్టే కేంద్ర సంస్థ ట్రైఫెడ్‌కు అధిపతి ఎవరు? ప్రవీర్ కృష్ణే. అదే సీమ, అదే అడవి సరుకు, అదే మనిషి, రెండు ప్రారంభోత్సవాలు. ఆయన పట్టుదలను మనసారా మెచ్చుకుంటున్నాను. ఆ పట్టుదల కలెక్టరేట్‌లో ఉండిపోలేదు. ఆయనతో పాటే వెళ్లింది, ఆయనకు పెద్ద కుర్చీ దొరికాక ఆయనతో పాటే తిరిగి వచ్చింది. నడుమ 2000 నవంబర్ 1న రాష్ట్రమే మారింది. మధ్యప్రదేశ్ దస్త్రం ఛత్తీస్‌గఢ్ దస్త్రమైంది.

చింతపండు కొనడం ఒక రోజు పండగ కాదు. ఏటా కాయ రాలేనాటికి ఊళ్లో రొక్కం సిద్ధంగా ఉండాలి. సంఘం దగ్గర సరైన తూకం ఉండాలి. గింజ తీసిన పండుకు ఎక్కువ ధర వస్తుంది కనుక తీసే చేతులకు కూలి ముట్టాలి. వానలకు ముందే సరుకు గోదాముకు చేరాలి, లేకుంటే నల్లబడుతుంది. వీటిలో ఒక్కటి రెండు వారాలు ఆలస్యమైనా, పిల్ల పెళ్లికో అప్పుకో డబ్బు కావలసిన ఇల్లు ఆగదు. కోచియా దగ్గరికే పోతుంది. అతణ్ణీ పొగడాలి. ప్రతి సంతకూ వస్తాడు, ప్రతి ఏడూ వస్తాడు. రొక్కం సంచితోనే వస్తాడు. అతనికి బదిలీ లేదు.

2020 జనవరిలో మీరు మొదలుపెట్టిన 'మలేరియా ముక్త్ బస్తర్' ఇంకా గొప్పది. జ్వరం వచ్చినవాళ్లకే పరీక్ష అన్న అలవాటు వదిలి, ఇంటింటికీ వెళ్లి అందరికీ రక్తపరీక్ష చేయించారు. మొదటి విడతలో దాదాపు 14 లక్షల మందిని పరీక్షిస్తే 64 వేలమందికి పైగా మలేరియా బయటపడింది. వాళ్లలో సగానికి పైగా జ్వరమన్నదే లేకుండా తిరుగుతున్నవాళ్లు. ఎదుట నిలబడి మందు మింగించారు. తర్వాతి విడతల్లో వ్యాధి తగ్గింది. సుక్మా, బీజాపూర్‌ల నుంచి జ్వరంతో భద్రాచలం ఆసుపత్రికి మోసుకొచ్చిన మనుషులను చూసినవాళ్లకు ఈ తగ్గుదల విలువ తెలుసు. విడత తప్పితే అదే జ్వరం లేని ఒంటి నుంచి దోమ మళ్లీ మొదలుపెడుతుందనీ తెలుసు.

మీరు మొదలుపెట్టి వదిలేస్తారనేవాళ్లకు పోర్టా క్యాబిన్ బడులు చూపిస్తాను. ఊళ్లలో బడులు కూలిపోయి, మూతపడినప్పుడు పిల్లలు చదువుకు దూరం కాకూడదని వెదురు తడికెలతో కట్టిన తాత్కాలిక ఆశ్రమ పాఠశాలలవి. ఎందరికో అక్షరం అందింది అక్కడే, అందుకు చేతులెత్తి మొక్కాలి. తాత్కాలికమైన దాన్ని మాత్రం మీరు ఏళ్ల తరబడి వదలలేదు. 2024 మార్చిలో బీజాపూర్ జిల్లా చింతకొంటలోని బాలికల పోర్టా క్యాబిన్ రాత్రివేళ తగలబడింది. మూడు వందలమందికి పైగా ఆడపిల్లలను బయటికి తెచ్చారు. నాలుగేళ్ల పాప లోపలే ఉండిపోయి చనిపోయింది. పాఠశాలకు ఇటుక గోడ కట్టడం ఎప్పుడో ముగించవలసిన పని.

మీకు చేతకాదని నేననను, ఎందుకంటే వాడవాడనా ఆరోగ్యం చూసే కార్యకర్త మితానిన్ మీదే. 2002లో అజిత్ జోగి ప్రభుత్వం మొదలుపెట్టింది, మరుసటేడే ప్రభుత్వం మారింది, మితానిన్ నిలిచింది. 2005లో కేంద్రం తెచ్చిన ఆశా కార్యకర్తకు ఆమే ఒక నమూనా. ఎందుకు నిలిచిందో మీ కాగితాల్లోనే ఉంది. ఆమెను ఎంచుకున్నది వాడవాళ్లు. ఆమె ఉండేది ఆ వాడలోనే. పక్కన నిలబడి నేర్పే శిక్షకురాలుంది. వెనక రాష్ట్ర ఆరోగ్య వనరుల కేంద్రం ఉంది. ఏ కలెక్టర్ వెళ్లిపోయినా ఆమె ఇల్లు అక్కడే ఉంటుంది. మలేరియా పరీక్షలకు ఇంటింటికీ దారి చూపినవాళ్లలో ఆమె ఉంది.

అందుకే ఒక్క మనవి. కొత్త పథకానికి రిబ్బన్ కత్తిరించే రోజున నన్ను పిలవకండి. మొదలుపెట్టిన కలెక్టర్ తర్వాత నాలుగో కలెక్టర్ హయాంలో, సంఘం తన రొక్కంతో తానే చింతపండు తూస్తున్న రోజున పిలవండి. దండ నేనే తెస్తాను.