ఊయల మీద చూరు: ఒక చిన్న టార్పు ఆత్మకథ

ఈ టార్పు పొడవు 2.4 మీటర్లు, వెడల్పూ అంతే. గట్టిగా మడిస్తే రెండు అరచేతుల్లో ఇముడుతుంది. తూకం 300 గ్రాముల దగ్గర. అడవిలో రెండు చెట్లకు కట్టిన ఊయలలో పడుకున్న మనిషి తడవకుండా చూడటం దీని పని. ఆ పని ఎలా నేర్చుకుందో చెబుతున్నదీ ఈ టార్పే. పెద్ద గుడ్డ కింద కట్టేవాడు నాలుగు పొరపాట్లు చేసినా పొడిగానే ఉంటాడు. చిన్న గుడ్డ కింద అలా చెల్లదు. అయినా రోజంతా వీపున మోసుకుని కొండెక్కేవాడికి చిన్నదే మేలని ఈ టార్పు నమ్మకం.

ఈ టార్పు గుడ్డ నైలాన్. దాన్ని మొదట తయారు చేసింది 1935లో, అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కెరోథర్స్ బృందం. ఈ టార్పులోది 30 డెనియర్ దారం, అంటే 9,000 మీటర్ల దారం తూచినా 30 గ్రాములే. నేతలో కొన్ని మిల్లీమీటర్లకొక లావు పోగు నిలువునా అడ్డంగా వేశారు. చిరుగు పుడితే ఆ గడి దగ్గర ఆగుతుంది. ఆపైన రెండు వైపులా సిలికోన్ పట్టించారు. దాంతో నీటిబొట్టు నిలవకుండా జారిపోతుంది. చిక్కేమిటంటే నీటిని అంటనివ్వని ఆ పూత కుట్ల మీద వేసే టేపునూ అంటనివ్వదు. గుడ్డ తాను వెడల్పు మీటరున్నరే కావడంతో రెండు ముక్కలు కలిపి కుట్టారు. సూది దిగిన ప్రతిచోటా ఒక సన్నని రంధ్రం మిగిలింది. సిలికోన్ జిగురును మినరల్ స్పిరిట్‌తో పల్చన చేసి, కుంచెతో కుట్టంతా పూసి, ఒక రోజు ఆరబెడితేనే అవి మూసుకుంటాయి. ఈ టార్పు ఆ పూత లేకుండానే అడవికి వెళ్లింది.

దీని యజమాని అట్లాంటా శివారులో ఉండే తెలుగు మనిషి. మొదటి రాత్రి జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ మీద గడిచింది. ఆ కొండ ఎత్తు సుమారు 1,150 మీటర్లు. అక్కడ మొదలయ్యే అపలాచియన్ కాలిబాట ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండదాకా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగుతుంది. అర్ధరాత్రి వాన పట్టింది. నడిమి కుట్టు అడుగున ఒక తేమ చుక్క మెరిసింది, దారం వెంబడి రెండంగుళాలు జారింది, గింజంత ఉబ్బి, పడుకున్నవాడి పొట్ట మీద పడింది. కాసేపటికి ఇంకొకటి. పైకప్పు ఉరిస్తే ఇంట్లో గిన్నె పెట్టవచ్చు, ఊయలలో గిన్నెకు చోటేది? ఇంటికి రాగానే యజమాని గ్యారేజీలో దీన్ని పరిచి, రెండు వైపులా కుట్టుకు జిగురు పూశాడు.

చదరపు గుడ్డను ఊయల మీద కట్టేటప్పుడు మూల నుంచి మూలకు, పతంగిలా కట్టాలి. అప్పుడు కప్పు నడిమి గీత, అంటే వెన్ను, 3.4 మీటర్ల దాకా వస్తుంది. 3.35 మీటర్ల ఊయలను, చెట్లకు చుట్టే పట్టీలు నేలకు 30 డిగ్రీల వాలులో ఉండేలా వదులుగా వేలాడదీస్తే, కొస నుంచి కొసకు 2.8 మీటర్లే ఉంటుంది. అంటే ప్రతి కొసకూ అవతల 30 సెంటీమీటర్ల చూరు మిగులుతుంది. ఈ ఊయలను కరీబియన్ దీవుల తైనో ప్రజలు వాడేవారు. కొలంబస్ 1492లో అక్కడే చూశాడు. వాళ్లకు అది ఇంట్లో పడక, పైన కప్పు ఉండేది. అడవిలో ఆ కప్పునూ మోసుకెళ్లాలి. పతంగి ఆకారంలో లోటు కొసల దగ్గరుంది. మధ్యలో వెన్నుకు ఇరువైపులా 1.7 మీటర్ల గుడ్డ ఉంటే, తల ఉండే చోట 80 సెంటీమీటర్లే. ఊయలలో ఐమూలగా పడుకుంటేనే వీపు తిన్నగా ఉంటుంది కాబట్టి తల ఒక పక్కకు, కాళ్లు రెండో పక్కకు జరుగుతాయి. సరిగ్గా నడుమన కట్టకపోతే దుప్పటి కొస బయటపడుతుంది.

ఐమూలగా లాగితే నేతగుడ్డ సాగుతుంది. అందుకే చెట్టు నుంచి చెట్టుకు ముందు వెన్నుతాడుగా ఒక సన్నటి తాడు బిగించి, గుడ్డను దాని మీద వేసి, రెండు మూలలనూ లాగితే బిగుసుకునే ప్రూసిక్ ముడులతో ఆ తాడుకు పట్టించాలి. బరువంతా తాడు మోస్తుంది, గుడ్డ నీటిని మాత్రమే మోస్తుంది. తడిస్తే నైలాన్ ఇంకా సాగుతుంది. వాన మొదలైన అరగంటకు ఈ టార్పు పొట్ట జారి, గాలికి టపటప కొట్టుకునేది. యజమాని రెండుసార్లు లేచి తాళ్లు బిగించాల్సి వచ్చేది. పక్క తాళ్లలో మూరెడు సాగే తాడు చేర్చాక ఆ సాగుడును అదే లాగేసుకుంటోంది.

ఆంధ్రలో కల్లంలో ధాన్యం రాశి మీద బరకం కప్పేవాళ్లకు వాలు గురించి చెప్పనక్కర్లేదు. ఒక వేసవిలో ఊరి నుంచి వచ్చిన యజమాని తండ్రి దీన్ని చూసి, “బరకం ఇలా చదునుగా కడతార్రా? నీళ్లు నిలవవూ?” అని ఒక పక్క మేకు పీకి దగ్గరగా, కిందికి పాతాడు. ఆ రాత్రి ఆ పక్క నుంచే జల్లు కొట్టింది. గాలివాటం పక్క చూరు దించడం ఈ టార్పుకు ఆయన నేర్పిన పాఠమే. 45 డిగ్రీల వాలున జల్లు కొడుతుంటే చూరు అడుగు లేచినకొద్దీ తడి అడుగు లోపలికి వస్తుంది. ఎండకాలం రాత్రి ఎత్తుగా కట్టవచ్చు, వానరాత్రి వెన్నుతాడు ఊయల అంచులకు జానెడు పైన ఉంటే చాలు.

కప్పు ఎంత బాగున్నా ఊయల తడిసే దారి మరొకటుంది. మాను వెంబడి కారే నీళ్లు ఊయల పట్టీని పట్టుకుని నేరుగా దిగొస్తాయి. ఈ టార్పు ఎక్కడా ఉరవని ఒక రాత్రి, తెల్లవారేసరికి యజమాని నడుము కింద గుడ్డ తడిసింది. పట్టీని వేళ్లతో తడిమి చూస్తే జాలు సాగుతూనే ఉంది. బూటు తాడు ముక్కను జానెడు కోసి, చూరుకు కాస్త లోపల పట్టీ చుట్టూ ముడేసి వేలాడదీశాడు. నీళ్లు ఆ ముక్క దాకా వచ్చి, దాని కొస నుంచి బొట్లుబొట్లుగా నేలకు రాలాయి. టార్పు వెన్నుతాడుకు కూడా రెండు కొసల దగ్గర అలాంటి ముక్కలే కట్టాడు. పైసా ఖర్చు లేని ఈ పీలికలు మరో మీటరు గుడ్డ కంటే ఎక్కువ పని చేస్తాయి.

కింద నుంచి వచ్చే తడి కొంచెమే. బోడినేల మీద చూరునీళ్లు పడితే చిందులు ఊయల అడుగుకు తగులుతాయి. రాలిన ఆకుల మీద పడితే అణిగిపోతాయి. చోటు ఎంచుకునేటప్పుడు చెట్ల మధ్య 4, 5 మీటర్ల దూరం చూసుకోవడంతో పాటు తలెత్తి ఎండుకొమ్మలు లేవని నిర్ధారించుకోవాలి, కొమ్మ పడితే ఏ టార్పూ ఆపలేదు.

తిరిగొచ్చాక తడిగా మడిచి ఉంచితే బూజు వాసన పడుతుంది, ఎండలో రోజుల తరబడి వదిలేస్తే నైలాన్ బలం చస్తుంది. అందుకని ఈ టార్పును వరండా నీడలో ఆరేస్తారు. ఒక మూల దగ్గర నిప్పురవ్వ పడి అయిన కన్నం మీద రూపాయి బిళ్లంత అతుకుంది, ఇదే గుడ్డ ముక్క, ఇదే సిలికోన్ జిగురు. వాన నీళ్లు ఇప్పుడు ఆ అతుకు మీదుగానూ జారిపోతున్నాయి.